వంటింట్లో మింగిన మాత్రలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆరోగ్య కార్యకర్తలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, నా మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగి, ఆఖరికి అసలు ప్రశ్నకు వస్తారు. "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఏది?" వాళ్ళు ఏం వినాలనుకుంటారో నాకు తెలుసు. జోరువానలో, కరెంటు లేని గుడిసెలో కాన్పు చేసిన కథ కావాలి వాళ్ళకు. అలాంటివి నా దగ్గర రెండున్నాయి. చాలామందికి చెప్పాను, చెప్పినప్పుడల్లా వానను కాస్త పెంచాను కూడా. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇందులో నేను అంత గొప్పగా కనిపించను. మీకు పనికొచ్చేది మాత్రం ఇదేనని నా నమ్మకం.

అప్పుడు నేను హిందూపురంలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజర్‌ని. పెనుకొండ పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి కాళ్ళు అరిగాక, రిటైరయ్యేలోపు కాస్త కూర్చుని పనిచేద్దామని అడిగి వేయించుకున్న చోటది. టీబీ రోగుల బాధ్యత నాకిచ్చారు. అప్పటి పద్ధతి ప్రకారం ఒక్కో రోగికి ఆరు నెలల మందులతో ఒక అట్టపెట్టె ఉండేది. రోజు విడిచి రోజు రోగి మా దగ్గరికి రావాలి, మా కళ్ళెదుటే మాత్రలు మింగాలి. మూడు నాలుగు నెలలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఇంక జబ్బు పోయిందనుకుని మనిషి రావడం మానేస్తాడు. అసలు ప్రమాదం అక్కడే. సగంలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఈసారి ఆ మాత్రలకు లొంగదు. అలా ఇద్దరిని పోగొట్టుకున్నాను. అందుకే ఎవరైనా వరసగా రెండుసార్లు రాకపోతే నాకు అన్నం సయించేది కాదు.

ఒక ఏడాది వానాకాలంలో ఆమె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. హిజ్రా. అలాంటివాళ్ళను మర్యాదగా ఏమని పిలవాలో ఇప్పుడు మీకు ట్రైనింగుల్లో చెబుతున్నారు. అప్పట్లో మా సెంటర్లో వినిపించిన మాటలు రాయడానికి నాకు చెయ్యి రాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరిగే ప్యాసింజరు రైళ్ళలో చప్పట్లు కొట్టి అడుక్కునే నలుగురైదుగురిలో ఆమె ఒకతె. బరువు తూచే మిషను మీద నిలబెడితే ముల్లు నలభై దాకా కూడా పోలేదు.

"ఇంకెన్ని దినాలు బతుకుతా మేడం?" అని నవ్వుతూ అడిగింది.

"ఒక్క మాత్ర కూడా తప్పకుండా మింగితే నాకంటే ఎక్కువ దినాలు" అన్నాను.

ఆ మాట పట్టుకుని క్రమం తప్పకుండా వచ్చేది. ఆమె వస్తే బెంచీ ఖాళీ అయ్యేది. అప్పటిదాకా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నవాళ్ళు లేచి గోడ వారగా నిలబడేవాళ్ళు. ఆమె మధ్యలో ఒక్కతే కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకునేది. మా ఆయా ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆమె గేటు దగ్గర కనపడగానే మంచినీళ్ళ కుండ మీది గ్లాసు తీసి అల్మరాలో పెట్టేది. ఆమె వెళ్ళగానే మళ్ళీ కుండ మీదికి వచ్చేది గ్లాసు. మూడు నాలుగుసార్లు అయ్యాక నేను కనిపెట్టాను.

"ఏమమ్మా, గ్లాసు యాడ పెట్టినావు?"

"కడగాలని తీసినా మేడం."

"ఆమె వచ్చినప్పుడే కడగాల్నా? గ్లాసులతో, తినే తట్టలతో ఈ జబ్బు అంటదని నీకెన్ని తూర్లు చెప్పల్ల?"

అందరి ముందూ దులిపేశాను. గ్లాసు నేనే తెచ్చి, నీళ్ళు ముంచి ఆమె చేతికిచ్చాను. ఆ రోజంతా నా మీద నాకే ముచ్చటేసింది. ఆదివారం చర్చిలో లేచి, ఆ వారం దేవుడు నాతో చేయించిన మంచి గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చేర్చాను. స్త్రీలందరూ ఒక్కసారిగా "స్తోత్రం" అన్నారు. మనల్ని చూసి పదిమంది ఆ మాట అంటే ఎంత తియ్యగా ఉంటుందో అలవాటైనవాళ్ళకే తెలుసు.

డిసెంబరు వచ్చేసరికి ఆమెకు నాలుగు నెలలు నిండాయి. కళ్లె పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. బుగ్గలు కాస్త నిండాయి. ఆ ఊపులో క్రిస్మసుకు మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను.

"మీ ఇంటికా? లోపలికా?" అంది.

"లోపలికే. వీధిలో పెట్టి పంపిస్తానా ఏమి?"

మా ఇంట్లో క్రిస్మసుకు పాతిక మంది దాకా తింటారు. చర్చివాళ్ళు, మా ఆయన తరఫు చుట్టాలు, వాళ్ళ పిల్లలు. మా వీధిలో భూములున్న పెద్ద ఇళ్ళవాళ్ళకు మాత్రం మేము వండింది పంపం. బేకరీలో కేకు కొని, డబ్బాకు కట్టిన దారం కూడా విప్పకుండా ఇస్తాం. వాళ్ళు నవ్వుతూ తీసుకుంటారు. వండింది పంపితే అది వెనకవాకిట్లో ఏమవుతుందో మాకు తెలుసు, మాకు తెలుసన్న సంగతి వాళ్ళకూ తెలుసు. ఎవరూ నోరు విప్పకుండా ఏళ్ళుగా నడుస్తున్న ఏర్పాటు అది. అంటే, ఎదుటివాళ్ళ అన్నం విషయంలో మనుషులు ఎంత సున్నితంగా అవమానం చేయగలరో నాకు బాగా తెలుసు. మీరు ఇది గుర్తుపెట్టుకుని తర్వాతిది చదవండి.

పండగ ముందురోజు బజారులో మసాలా దినుసులతో పాటు ఒక చిన్న కట్ట విస్తరాకులు, నాలుగు పేపరు గ్లాసులు కొన్నాను. అత్తమ్మ ఏమంటుందో, చుట్టాలు ఏమనుకుంటారో అని. ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే నేనే ఉపాయం వెతికాను. అతిథికి ఆకులో వడ్డించడం మర్యాదే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మర్యాద కోసమైతే పాతిక ఆకులు కొనాలి. నేను కొన్నది ఒక్క మనిషికి సరిపోయే మర్యాద.

ఆమె తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, పెద్ద అంచు చీర కట్టుకుని వచ్చింది. చేతిలో అరటిపళ్ళు, చర్చిలో వెలిగించుకోమని ఒక కొవ్వొత్తుల ప్యాకెట్టు. ముందుగదిలో చాప వేసి, అందరికంటే ముందు ఆమెకే ఆకు వేసి, కొసరి కొసరి వడ్డించాను. కడుపునిండా తింది. "మటను బాగుండాది మేడం" అంది. తిన్న ఆకు తానే పారేస్తానని, వద్దన్నా వినకుండా పెరట్లోకి దారి వెతుక్కుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. లోపల మా వాళ్ళందరూ స్టీలు కంచాల్లో తింటున్నారు. చర్చి సంఘపెద్ద భార్యకైతే బీరువాలోంచి దించిన పింగాణీ ప్లేటు. ఆమె కంచాల వంక చూసింది. చేతిలో మడిచిన ఆకు వంక చూసింది. "వస్తా మేడం" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను ఏమీ గమనించనట్టే ఉన్నాను. కానీ గమనించాను. ఆ సంగతి ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఒక్కసారి, నేను సెలవులో ఉన్న రోజు వచ్చి మాత్రలు మింగి పోయిందట. అంతే, మళ్ళీ రాలేదు. వారం చూశాను, రెండో వారం చూశాను. నాకు కోపం వచ్చింది. "ఎంత చేసినా ఇంతే వీళ్ళు. ఇంటికి పిలిచి అన్నం పెట్టినా విశ్వాసం లేదు" అని మా ఆయా వినేలా విసుక్కున్నాను. ఊడుస్తున్న చీపురు ఆపి ఆయా నా వైపు తిరిగింది.

"నేను గ్లాసు దాచిపెడ్తే అందర్లో అరిచిరి గదా మేడం. మీరు ఆకేస్తిరంట."

"ఎవరు చెప్పిరి నీకు?"

"ఆ యమ్మే చెప్పె, మీరు రాని దినం. 'నువ్వు గ్లాసు దాస్తే నాకు బాధ కాలేదు, నువ్వేమన్నా నన్ను ఇంటికి పిలిచినావా? ఆ మేడం పిల్చి మళ్ళ ఆకేసె' అనె."

"ఇంకేమనె?"

"ఏమీ అనల్యా. గ్లాసడిగె, నేనే నీళ్ళిచ్చినా" అంది ఆయా. ఆ చివరి మాటలో కాస్త గర్వం ఉంది. ఆ గర్వానికి ఆయాకు హక్కుంది.

ఆయా మళ్ళీ ఊడ్చుకుంటూ పోయింది. మా అమ్మ చిలమత్తూరు దగ్గర పల్లెలో చెనిక్కాయల చేలల్లో కూలి చేసిన మనిషి. దోసిలి పట్టి, పైనుంచి పోసిన నీళ్ళు తాగిన మనిషి. పిల్లలు ఎప్పుడూ అలా దోసిలి పట్టకూడదనే మా నాయన మమ్మల్ని చదివించాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఇంట్లో పసిబిడ్డకు టీకా వేస్తే, నాకు కాఫీ ఇవ్వడానికి వసారా చూరులోంచి ఒక గ్లాసు తీశారు. అది ఎవరి కోసం అక్కడ ఉంటుందో తెలిసి, తాగకుండా లేచి వచ్చేశాను. దారి పొడుగునా ఏడ్చాను. ఇంత తెలిసినదాన్ని, బజారుకు పోయి, ఏరి మరీ ఆకులు కొన్నాను. నా అంత సిగ్గుమాలిన మనిషి ఇంకొకరు లేరనిపించింది.

సిగ్గుపడుతూ కూర్చోవడానికి కూడా తీరిక లేదు. డాక్టరుగారు కార్డు చూసి, "ఇంకొన్ని రోజులు దాటితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, సూదులతో సహా. ఆ శరీరం తట్టుకుంటుందా?" అన్నారు. తట్టుకోదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రైల్వే గేటు దగ్గర వాళ్ళుండే గదికి పోతే తాళం వేసి ఉంది. ధర్మవరం పోయినారని పక్కింటివాళ్ళు చెప్పారు. మర్నాడు పొద్దున ఆమె మందుల పెట్టె నా సంచిలో వేసుకుని ప్యాసింజరు ఎక్కాను. పెట్టె సెంటరు గడప దాటకూడదని రూలు. ఆ రోజు దాటింది.

పెనుకొండలో వాళ్ళవాళ్ళు ఇద్దరు ఎక్కారు. చప్పట్లు కొట్టుకుంటూ నా దాకా వచ్చి చెయ్యి చాపారు. "మీతో ఉండే ఆ పిల్ల, టీబీ మందులు మింగే ఆమె, యాడ ఉండాది?" అని అడిగాను. ఇద్దరూ నా సంచి వంక, నా మెడలో సిలువ వంక చూసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఓహో, ఆకు మేడమా నువ్వు?" అంది పెద్దామె.

నా సర్వీసు మొత్తంలో నాకు దక్కిన ఒకే ఒక్క బిరుదు అది. ధర్మవరం ప్యాసింజరులో ఇచ్చారు.

"నేనేలే. మాత్రలు మానేస్తే ఆమె బతకదు. ఒక్క తూరి చూడల్ల."

"సంచిలో మళ్ళ ఆకులు తెచ్చినావా ఏమి?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఏమీ అర్థం కాకపోయినా నవ్వారు. నేనూ నవ్వబోయాను, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. పెద్దామె కాసేపు నన్నే చూసి పక్కన కూలబడింది. "ఏడవద్దులే అక్కా. దిగి మా ఎంబడి రా" అంది.

ధర్మవరం స్టేషన్లో దిగి ముగ్గురం నడుస్తుంటే జనం ఆగి చూశారు. నాలాంటి ఆమె వాళ్ళతో ఏం పని మీద పోతోందో అని. వాళ్ళకు దినం తప్పకుండా పడే ఆ చూపులు నాకు పావుగంట పడ్డాయి. ఆ పావుగంటకే తల దించుకుని నడిచాను. మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందు చివర రేకుల గది. లోపల ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. మళ్ళీ సన్నబడింది. దగ్గుతోంది.

"ఏమి మేడం, ఇంత దూరమొస్తిరి?"

"తప్పు నాదే. కావాలనే ఆకులు తెచ్చినా. తెలీక చేసింది కాదు" అన్నాను.

ఆమె దగ్గు ఆపుకుని నా వైపు తిరిగింది. "తెలీక చేస్తి అనింటే లేచి పొమ్మందును" అంది.

నేను సంచిలోంచి పెట్టె తీశాను. ఆమె తల అడ్డంగా ఊపి మొహం తిప్పుకుంది. నాకు ప్రసంగాలు చాలా వచ్చు. జబ్బు మీద వచ్చు, వాక్యం మీద వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. పొద్దున ఏమీ తినకుండా బయలుదేరాను, తల తిరుగుతోంది. "ఆకలైతాంది. ఏమన్నా ఉందా తినేకి?" అన్నాను. ఎత్తు వేసి అన్న మాట కాదది. నిజంగానే ఆకలేసింది.

 పెద్దామె లేచి గిన్నె మూత తీసింది. బొరుగులు నానబెట్టి చేసిన ఉగ్గాని ఉంది. "తట్ట ఒకటే ఉండాది" అంది, నా మొహంలోకి చూస్తూ.

"ఇద్దరం దాంట్లోనే తింటాం" అన్నాను.

ఆమె, నేను ఆ ఒక్క కంచంలోనే తిన్నాం. మొదట నేనొక్కదాన్నే తిన్నాను. నాలుగు ముద్దలయ్యాక ఆమె కూడా చెయ్యి పెట్టింది. కంచాలతో ఈ జబ్బు అంటదని వందలమందికి చెప్పినదాన్ని, నా మాట నేను నమ్మింది ఆ రోజే. ఎవరూ కలుపుకోని జాతి స్త్రీని ప్రభువు బావి దగ్గర కలిసిన కథ ఆదివారం బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ప్రభువు ఆమెకు ఇవ్వడంతో మొదలుపెట్టలేదు, నీళ్ళు అడగడంతో మొదలుపెట్టాడు. ఆ సంగతి నాకు ఉగ్గాని తింటుంటే తట్టింది.

తిన్నాక ఆమె తానే చెయ్యి చాపి మాత్రలు తీసుకుని మింగింది.

"మళ్ళ ఎల్లుండి?" అన్నాను.

"సెంటరుకు రాను మేడం. ఆ బెంచీ మీద ఇంక కూసోలేను. మీ ఇంటికొస్తా. వంటింట్లో కూసోని మింగుతా. అయితాదా?"

అత్తమ్మ, చుట్టాలు, ఇంటి ఓనరు, సంఘపెద్ద భార్య, అందరూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు. నేను జవాబివ్వడానికి ఎంతసేపు పట్టిందో ఆమె గమనించే ఉంటుంది. "అయితాది" అన్నాను.

రైలు దిగి ఇంటికొచ్చేసరికి అత్తమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. గుండె రాయి చేసుకుని సంగతి చెప్పాను.

"రానీ" అంది చేట ఆపకుండా.

"మీకేమీ..."

"నాకేమి? ఆ పొద్దు ఆకు ఎందుకేసినావని అడుగుదామనుకుంటి. కోడలు సూపరైజరు, పెద్ద చదువు చదివినాది, ఏమన్నా రూలుంటాదేమోలే అని ఊరుకుంటి."

నెల రోజులుగా లోలోపల నేను ఎవరి మీద నెపం వేస్తూ వచ్చానో ఆ మనిషి ఇంత మాట అని రాగులు చెరుగుతూ కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, తల ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

డాక్టరుగారికి చెబితే, పెట్టె ఇంట్లో పెట్టుకోవడం రూలుకు విరుద్ధమని పది నిమిషాలు చీవాట్లు పెట్టి, "ఈ సంగతి మీరు నాకు చెప్పలేదు" అని కార్డు మీద సంతకం పెట్టారు. ఆమె హిందూపురం గదికి తిరిగొచ్చింది. రోజు విడిచి రోజు, ఎనిమిది గంటలకల్లా మా వంటింట్లో పీట మీద ఉండేది. ముందు సంగటి, తర్వాత మాత్రలు. వారం తిరక్కుండానే అత్తమ్మకూ ఆమెకూ జత కుదిరింది. ఊరిబిండి పచ్చడిలో ఉప్పెక్కువైందని ఆమె, ముందు నువ్వు నేర్చుకో అని ఈమె. ఒకసారి ఇద్దరూ చెనిక్కాయలు ఒలుస్తూ నా వంట గురించి చెప్పుకుని పకపకా నవ్వడం నేను గుమ్మం బయటి నుంచి విన్నాను. సంఘపెద్ద భార్య వచ్చి, "పిలవడం వేరు సిస్టర్, దినాం వంటింట్లోకి రానియ్యడం వేరు" అని హితవు చెప్పింది. మా ఇంట్లో జరగాల్సిన స్త్రీల ప్రార్థన ఆ నెల ఇంకో ఇంటికి మారింది. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఆ తర్వాత ఎప్పుడూ సాక్ష్యంలో ఈ సంగతి ఎత్తలేదు.

ఎండలు ముదిరేనాటికి మాత్రలు అయిపోయాయి. చివరి కళ్లె పరీక్ష రోజు ల్యాబ్ టెక్నీషియన్ సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఎంతకీ ఎత్తడు. నేను ఆయన వెనకే, నా వెనక ఆయా. "ఏమప్పా, ఉండాయా లేవా?" అని ఆయా గదమాయించింది. "ఒక్కటి లేదమ్మా" అన్నాడాయన. నేను అక్కడే ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. అంత హాయిగా ఊపిరి పీల్చి నాకు ఎన్ని నెలలైందో. ఆయా బయటికి పరుగెత్తి, జనమంతా చూస్తుండగా ఆమెను వాటేసుకుంది. బరువు తూస్తే యాభై దాటింది. ఖాళీ పెట్టె మీద 'పూర్తయింది' అని రాసి సంతకం చేశాను. 

రెండు రోజులు గడిచి, మామూలుగా ఆమె వచ్చే రోజు తెల్లవారింది. ఇంక మాత్రలు లేవు, ఆమె రావాల్సిన పనీ లేదు. అయినా అత్తమ్మ ఎప్పటిలాగే ముద్దలు చేసింది, లెక్కకు ఒకటి ఎక్కువ. వీధి తలుపు తీసిపెట్టింది. ఎనిమిదయింది. ఎనిమిదిన్నర. రాకపోతే ఏమి, జబ్బు నయమైంది, నాకు కావలసింది అదే కదా అనుకుంటూ డ్యూటీ చీర కట్టుకున్నాను. అదొక్కటే కాదని చీర కట్టుకోవడం అయ్యేలోపే అర్థమైంది. అద్దం ముందు నిలబడి, చెవి వీధిలో పెట్టి ఉన్నాను.

గేటు చప్పుడైంది. మెట్ల దగ్గర చెప్పులు విడిచి వస్తోంది ఆమె.

"మాత్రలైపాయె గదా, మళ్ళ ఏమిటికొస్తివి?" అన్నాను, సంతోషం బయటపడకుండా.

"నీ కోసరం రాల్యాలే అక్కా" అని, నన్ను దాటుకుని నేరుగా వంటింట్లోకి పోయింది.

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "ఇంత పొద్దెక్కిచ్చుకోని వస్తివేమే? సంగటి ఆరిపాయె!"